లోతు పెరిగిన ఇల్లు: అమెరికా శివారు మేడల వికారానికి ఒక చరిత్ర

‘మెక్‌మాన్షన్’ అన్న వెటకారపు మాట 1980ల దశకంలో అమెరికా పత్రికలలో వాడుకకు వచ్చింది. హాంబర్గర్ దుకాణాల పేరులోని మొదటి ముక్కను భవంతికి తగిలించి చేసిన మాట అది. ఒకే అచ్చులో వేలాదిగా తయారయ్యే సరుకు, రుచికన్నా పరిమాణాన్ని చూపి అమ్మే సరుకు అన్న ఎత్తిపొడుపు అందులో ఉంది. డాలస్‌కు ఉత్తరాన, న్యూజెర్సీ నడిభాగాన, అట్లాంటా, షికాగో నగరాల శివార్లలో గత నలభై ఏళ్ళలో లేచిన ఇళ్ళను చూసినవారికి ఆ మాట దేనిని ఉద్దేశించిందో విడమరచి చెప్పనక్కరలేదు. రెండంతస్తుల ఎత్తు ద్వారమండపం, దాని మీద కమాను కిటికీ, వీధివైపు ఇటుక గోడ, మిగిలిన మూడు వైపులా ప్లాస్టిక్ పలకలు, మూడు కార్ల గరాజు, వీటన్నిటి మీద లెక్కకు మించిన శిఖరాలతో కొండలా లేచిన కప్పు. ఆ ఇళ్ళలో తెలుగు కుటుంబాలు కూడా గణనీయంగానే ఉన్నాయి.

ఈ ఇళ్ళు పొసగనట్టు కనిపించటానికి కారణం ఏమిటన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే సమాధానం, అవి మరీ పెద్దవి అని. ఆ సమాధానం నిలబడదు. ఉత్తర కరొలైనాలో 1895లో పూర్తయిన బిల్ట్‌మోర్ భవనంలో 250 గదులున్నాయి. దానిని డబ్బు వృథా అన్నవారున్నారు గాని, చోటికి పొసగలేదన్నవారు అరుదు. దాని చుట్టూ అప్పట్లో దాదాపు 1,25,000 ఎకరాల భూమి ఉండేది. థామస్ జెఫర్సన్ వర్జీనియాలో కట్టించుకున్న మాంటిచెల్లో దాదాపు 11,000 చదరపు అడుగుల ఇల్లు. పారిస్‌లో తాను చూసి మోహించిన ఒక భవనాన్ని అనుసరించి, అంతస్తులున్న ఇంటిని పడమటి తోటవైపు నుంచి ఒకే అంతస్తులా కనిపించేటట్టు ఆయన మలిచాడు. వంటిల్లు, కొట్లు, పనివారి చోట్లు కొండవాలులోకి దింపి వాటి కప్పులను నడవలుగా చేశాడు. ఆ దాచటంలో బానిసల శ్రమను అతిథుల కంట పడనీయకపోవటం కూడా ఉందన్నది చరిత్రకారులు గుర్తుచేసే చేదు నిజం. అయినా వాస్తుశిల్పం వరకు అది నేర్పే పాఠం స్పష్టం: పెద్ద ఇల్లు తన పెద్దరికాన్ని అణచి చూపగలదు. మరి శివారు మేడ ఎందుకు అలా చేయలేకపోయింది?

డౌనింగ్ హెచ్చరిక

అమెరికాలో శివారు ఇంటికి తొలి సిద్ధాంతకర్త ఆండ్రూ జాక్సన్ డౌనింగ్. హడ్సన్ నది ఒడ్డున న్యూబర్గ్‌లో 1815లో పుట్టి, 1852లో అదే నది మీద జరిగిన ఆవిరిపడవ ప్రమాదంలో మరణించిన ఈయన తోటల రూపకర్త, రచయిత. 1850లో వెలువడిన పల్లెటి ఇళ్ళ నిర్మాణ గ్రంథంలో ఇళ్ళను ఆయన కుటీరం, రైతు ఇల్లు, విల్లా అని మూడు తరగతులుగా విభజించాడు. ఏ తరగతి ఇంటికి ఆ తరగతి అందం ఉందని, చిన్న ఇల్లు పెద్దింటి నగలు పెట్టుకోవటమే అసలైన కురూపమని ఆయన వాదం. ఇల్లు దేనికోసం కట్టబడిందో బయటినుంచి తెలియాలి. చెక్క రాయిలా నటించకూడదు. సత్యం అన్న గుణాన్ని ఆయన సౌందర్యానికి పునాదిగా పెట్టాడు.

డౌనింగ్ నమూనాలను నకలు చేసినవారు చాలామంది ఉన్నారు గాని, ఆయన హెచ్చరికను మన్నించినవారు తక్కువ. పందొమ్మిదో శతాబ్ది చివరికి మరసానలు, రైలు రవాణా కలిసి చెక్క నగిషీని చవక చేశాయి. ఇంటి ముఖాన్ని అంగడిలో కొనుక్కునే కాలం అప్పుడే మొదలయింది. 1899లో థార్‌స్టైన్ వెబ్లెన్ ధనిక వర్గాల ఆడంబరపు ఖర్చును విశ్లేషిస్తూ గ్రంథం రాసేనాటికి ఆయనకు ఉదాహరణలకు కొదవ లేదు.

ఎనిమిదో వంతు ఇల్లు

రెండో ప్రపంచయుద్ధం తరువాత కొద్దికాలం చరిత్ర ఇంకో దారి పట్టింది. 1934లో ఏర్పడిన సమాఖ్య గృహనిర్మాణ సంస్థ రుణాలకు హామీ ఇచ్చింది. 1944 చట్టం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు ఇంటి అప్పును సులభం చేసింది. న్యూయార్కు నగరానికి తూర్పున, బంగాళాదుంప పొలాలలో 1947లో మొదలైన లెవిట్‌టౌన్ ఈ రెండింటి ఫలం. తొలి ఇళ్ళు ఒక్కొక్కటి 750 చదరపు అడుగులు. స్థలం 60 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు. అంటే ఇల్లు స్థలంలో ఎనిమిదో వంతు. 1949 నాటి నమూనా ధర 7,990 డాలర్లు. తొలి ఒప్పందాలలో శ్వేతజాతివారు తప్ప ఇతరులు నివసించరాదన్న షరతు కూడా ఉండేది. ఆ ఊరి నిరాడంబరతను మెచ్చుకునేవారు ఈ మాటను కూడా పక్కనే చెప్పుకోవాలి.

ఆ ఇళ్ళను అప్పటి విమర్శకులు అగ్గిపెట్టెలన్నారు. ఒకేలా ఉన్నాయని ఏవగించుకున్నారు. కాని చోటుకు మించినవని ఎవరూ అనలేదు. కుటుంబాలు పెరిగినకొద్దీ అటకను గదిగా మార్చి, కప్పుకు కిటికీ పెట్టి, వెనక ఒక పక్కగది చేర్చి వాటిని తమవిగా చేసుకున్నాయి. కిటికీ పెట్టిన ప్రతి చోటా లోపల ఒక గది ఉండేది.

కొలతలు పెరిగిన తీరు

జనాభా లెక్కల శాఖ అంచనాలలో, అమెరికాలో కొత్తగా కట్టిన ఒంటి కుటుంబపు ఇంటి సగటు వైశాల్యం 1973లో 1,660 చదరపు అడుగులు. 2015కు అది 2,687కు చేరింది. ఇంటికి సగటున ఉండే మనుషుల సంఖ్య మాత్రం అదే కాలంలో మూడు నుంచి రెండున్నరకు దిగింది. మనుషులు తగ్గుతూ ఇల్లు పెరగటానికి కోరిక ఒక్కటే కారణమైతే ఈ చరిత్ర చిన్నదయ్యేది. పన్ను చట్టమూ, కట్టుబడి లెక్కలూ ఆ కోరికకు దారి చూపాయి.

1951 నుంచి 1997 వరకు ఉన్న నియమం ప్రకారం, సొంతిల్లు అమ్మగా వచ్చిన లాభంపై పన్ను వాయిదా పడాలంటే అమ్మిన ధరకు తగ్గని ధరలో మరో ఇల్లు కొనాలి. అంటే ప్రతి మార్పూ పైమెట్టుకే. 1986 పన్ను సంస్కరణ కారు అప్పు, క్రెడిట్ కార్డు వంటి వినియోగపు అప్పుల వడ్డీకి ఉన్న మినహాయింపును దశలవారీగా తీసివేసి, ఇంటి అప్పు వడ్డీకి మాత్రం ఉంచింది. 1997 చట్టం దంపతులకు 5,00,000 డాలర్ల వరకు లాభాన్ని పన్ను లేకుండా వదిలిపెట్టింది. ఇల్లు నివాసం కావటంతోపాటు కుటుంబపు అతి పెద్ద పొదుపుపెట్టె అయింది.

కట్టుబడి లెక్క ఇంకా సూక్ష్మమైనది. ఇంట్లో ఖరీదైన భాగాలు వంటిల్లు, స్నానాల గదులు, పునాది, వేడి, చల్లదనాల యంత్రాలు. వాటి ఖర్చు ఒకసారి పెట్టాక, పక్కన ఒక ఖాళీ గది చేర్చటానికి అయ్యేది గోడలు, నేల, రంగు ఖర్చు మాత్రమే. అమ్మేటప్పుడు మాత్రం ఇంటిని చదరపు అడుగుకు ఇంత అని పోల్చి చూస్తారు. చవకగా చేరిన అడుగు కూడా ఖరీదైన అడుగుతో సమానంగా లెక్కకు వస్తుంది. కొనేవాడు చదరపు అడుగులు అడిగాడు. కట్టేవాడికి అన్నిటికన్నా చవకగా దొరికేవి అవే. ఇద్దరూ గోడ మందాన్నో కిటికీ చట్రం నాణ్యతనో అడగవలసిన అవసరం రాలేదు.

కప్పు చెప్పే కథ

ఈ వైశాల్యం ఇంటి ఆకారాన్ని ఎలా మార్చిందన్నదే ఇక్కడ ముఖ్యమైన విషయం. పెద్ద ప్రాణి చిన్న ప్రాణికి పెంచిన నకలు కాజాలదని, శరీరం పెరిగిన నిష్పత్తి కన్నా ఎముక మందం ఎక్కువగా పెరగాలని 1638లో గెలీలియో చూపించాడు. ఇంటికీ అటువంటి శరీరధర్మం ఒకటుంది.

పాత ఇళ్ళు లోతుగా ఉండేవి కావు. వీధివైపు నుంచి పెరటివైపుకు ఒక గది, లేదా రెండు గదులు. పగటి వెలుగు గదిలోకి ఎంత దూరం పోగలదో, గాలి ఎంతవరకు ఆడగలదో, దూలం ఎంత పొడవు దొరుకుతుందో అంతే లోతు. ఇల్లు పెద్దది కావాలంటే అటువంటి సన్నని వరుసను మరొకటి చేర్చవలసిందే. న్యూ ఇంగ్లండ్ రైతులు పెద్దిల్లు, చిన్నిల్లు, వెనకిల్లు, పశువుల కొట్టం ఒకదానికొకటి తగిలించి రైలు పెట్టెల్లా కట్టుకున్నారు. కోస్తాంధ్రలోని మండువా లోగిలి సూత్రమూ ఇదే. ఎంత పెద్ద లోగిలి అయినా అది నడిమి మండువా చుట్టూ అమర్చిన సన్నని వరుసల కూర్పు. ప్రతి వరుసకూ తన పెంకుటి వాలు ఉంటుంది. ఏ వాలూ మరీ ఎత్తుకు లేవదు. వీధిలో నడిచేవాడికి అరుగు, దాని మీదికి దిగిన చూరు, ఒక వాకిలి మాత్రమే కనిపిస్తాయి. ఇంటి సైజు లోపలికి వెళ్ళినవాడికే తెలుస్తుంది.

విద్యుద్దీపం, ఎయిర్ కండిషనింగ్ వచ్చాక ఈ హద్దు చెరిగిపోయింది. నడిమధ్యన కిటికీ లేని గదులున్నా ఇల్లు నివాసయోగ్యమే. నాలుగు వైపులా పొడవాటి గోడలతో రెక్కలు కట్టటం కన్నా, చతురస్రానికి దగ్గరగా ఉన్న ఒకే ముద్ద కట్టటం చవక. అందుచేత కొత్త ఇల్లు వరుసలను చేర్చుకుని పెరగలేదు. ఉన్న ముద్ద ఉబ్బి పెరిగింది.

ఫలితం లెక్క వేసి చూడవచ్చు. 28 అడుగుల లోతున్న ఇంటి మీద, ప్రతి 12 అడుగులకు 8 అడుగులు లేచే వాలుతో కప్పు వేస్తే శిఖరం గోడ మీద నుంచి 9 అడుగుల పైచిలుకు ఎత్తున ఉంటుంది. అంటే ఒక అంతస్తు ఎత్తు. లోతు 56 అడుగులైతే, అదే వాలుకు శిఖరం దాదాపు 19 అడుగులకు లేస్తుంది. రెండంతస్తుల ఇంటి మీద మరో రెండంతస్తులంత కప్పు. కప్పును వాలించటం మానేసి చదును చేస్తే ఇల్లు దుకాణంలా కనిపిస్తుంది, కొనేవాడు ఒప్పుకోడు. అలాగే వదిలితే అది గోదాములా కనిపిస్తుంది. ఆ రెండూ తప్పించటానికి దొరికిన ఉపాయం, ఆ పెద్ద కప్పు ముందు చిన్న చిన్న ముక్కోణపు మొగాలను, అంటే గేబుళ్ళను, తగిలించి చూసేవాడి కంటికి దాన్ని ముక్కలుగా విడగొట్టటం.

ఈ ఉపాయాన్ని చవక చేసిన వస్తువు అరచేతిలో ఇమిడేది: పళ్ళున్న ఉక్కురేకు. 1950ల దశకంలో ఫ్లోరిడాలో వాడుకకు వచ్చిన ఈ రేకును చెక్క అతుకుల మీద యంత్రంతో అదిమితే మేకులు, కోతలు, నేర్పరి వడ్రంగి లేకుండానే ట్రస్‌లు తయారవుతాయి. తరువాతి దశాబ్దాలలో కంప్యూటర్ ప్రతి ట్రస్‌నూ లెక్కకట్టి కోయించటం మొదలుపెట్టింది. అంతకు ముందు కప్పులో ప్రతి కొత్త మలుపూ వడ్రంగి రోజు కూలి. ప్రతి లోయ వానకారుకు ఒక ప్రమాదం. మలుపు వేసేముందు ఆలోచించేవారు. ఆ ఆలోచన అవసరం తీరిపోయింది. వానకారే ప్రమాదం మాత్రం తీరలేదు.

పాత విక్టోరియన్ ఇళ్ళ కప్పులూ గజిబిజివే కదా అన్న ఆక్షేపణకు జవాబు ఇక్కడే ఉంది. వాటిలో బురుజు కింద ఒక గుండ్రని గది ఉంటుంది. పొడుచుకువచ్చిన కిటికీ వెనక ఒకరు కూర్చుని చదువుకునే చోటు ఉంటుంది. కొత్త మేడలో ఎన్నో డార్మర్ కిటికీల వెనక ట్రస్‌ల చీకటి తప్ప మరేమీ ఉండదు.

ముఖం ఒక వైపు

కప్పు తరువాత ముఖం. పదహారో శతాబ్దపు ఇటలీ శిల్పి ఆండ్రియా పల్లాడియో 1570లో ప్రచురించిన నాలుగు పుస్తకాల గ్రంథం జెఫర్సన్ ద్వారా అమెరికా ఇంటికి స్తంభాలను, ముక్కోణపు నుదురును ఇచ్చింది. నడుమ కమాను, ఇరుపక్కలా సన్నని నిలువు కిటికీలు ఉన్న అమరికకు నేటికీ ఆయన పేరే. పల్లాడియో కిటికీలో ప్రతి కొలతా పక్కదానితో ముడిపడి ఉంటుంది. ఒకటి మారితే అన్నీ మారాలి. అంగడి సరుకుగా ఆ కిటికీ కొన్ని నిర్ణీత సైజులలో దొరుకుతుంది. గోడ పెరిగినా కిటికీ పెరగదు. స్తంభం రెండంతస్తులు లేచినా దాని మందం అలాగే ఉండి, మోయవలసిన బరువు ముందు రోగిష్ఠి కాలులా కనిపిస్తుంది.

పై పూతలూ అటువంటివే. రాతి ముక్కల్లా అచ్చుపోసిన సిమెంటు పలకలు, వీధి వైపుకే ఇటుక, జర్మనీ నుంచి వచ్చి 1970ల తరువాత వ్యాపించిన కృత్రిమ గార. ఆ గార పొరల వెనక నీరు చేరి చెక్క కుళ్ళిపోయిన ఇళ్ళ ఉదంతం 1990ల నడుమ ఉత్తర కరొలైనాలోని విల్మింగ్టన్‌లో బయటపడి కోర్టుల దాకా వెళ్ళింది. అది డౌనింగ్ చెప్పిన సత్యం కేవలం సౌందర్య నియమం కాదని చూపిన సందర్భం.

ఎవరి కంటికి వికారం?

ఇంతవరకు చెప్పినది ఆకారం గురించి. పొసగకపోవటం అన్నది పొరుగు గురించి కూడా. 1926లో యూక్లిడ్ ఊరి కేసులో సుప్రీం కోర్టు ప్రాంతవిభజన నియమాలను సమర్థించిన తరువాత, ప్రతి స్థలం మీద ఎంత ఎత్తు, హద్దు నుంచి ఎంత దూరం అన్న కొలతలు ఊరూరా వచ్చాయి. చిన్న ఇళ్ళ కాలంలో రాసిన ఆ హద్దులు ఎవరికీ తగలలేదు. 1980ల తరువాత పాత వీధులలో చిన్న ఇల్లు కొని, కూలగొట్టి, హద్దుల దాకా నింపే కొత్త ఇల్లు కట్టటం మొదలయినప్పుడు మాత్రం, చట్టం ఒప్పుకున్న ఖాళీ ఎంత పెద్దదో తెలిసింది. పక్కింటి పెరట్లో ఎండ పోయింది.

అయితే ఆ కోపం ఎప్పుడూ ఇంటి మీద మాత్రమే పడలేదు. వాంకూవర్‌లో 1980ల చివర షాగ్నెసీ, కెరిస్‌డేల్ పేటలలో ‘రాక్షస గృహాల’ మీద లేచిన ఆందోళన హాంగ్‌కాంగ్ నుంచి వచ్చిన కుటుంబాల మీది ఆందోళన నుంచి విడదీయరానిది. బెవర్లీ హిల్స్‌లో 1979 విప్లవం తరువాత వచ్చిన ఇరానీయుల తెల్లని స్తంభాల ఇళ్ళకు ‘పర్షియన్ ప్యాలెస్’ అన్న ఎగతాళి పేరు పడింది. 2004లో ఆ ఊరు ఇళ్ళ రూపాన్ని పరిశీలించే నియమం చేసింది. అదే వాంకూవర్‌లో 1965 నుంచి 1985 దాకా వలస కుటుంబాలు ఇష్టపడి కొన్న ‘వాంకూవర్ స్పెషల్’ అనే డబ్బా ఇళ్ళను ఒకప్పుడు అసహ్యించుకున్నారు. ఇప్పుడు వాటిని ముచ్చటపడి బాగుచేయించుకునేవారున్నారు. రుచి మారుతుంది. పెద్ద ఇంటిని తప్పుపట్టే నోరు కొన్నిసార్లు పెద్ద కుటుంబాన్నీ తప్పుపట్టింది.

దీనికి 1977 నాటి మూర్ వర్సెస్ ఈస్ట్ క్లీవ్‌లండ్ తీర్పు సాక్ష్యం. ఒహాయోలోని ఆ ఊరి నియమం, ఒకే ఇంట్లో ఉండదగిన ‘కుటుంబం’ ఎవరో నిర్వచించింది. ఒక నాయనమ్మ తన ఇద్దరు కొడుకుల పిల్లలను ఒకే ఇంట్లో పెట్టుకున్నందుకు, ఆ పిల్లలు అన్నదమ్ములు కాక పెదతండ్రి, పినతండ్రి బిడ్డలైనందుకు, ఆమెకు 5 రోజుల జైలు, 25 డాలర్ల జుల్మానా పడ్డాయి. సుప్రీం కోర్టు ఆ నియమాన్ని కొట్టివేసింది. ప్యూ పరిశోధన సంస్థ లెక్క ప్రకారం, అనేక తరాలు కలిసి ఉండే ఇళ్ళలో నివసించేవారు 1971లో నూటికి 7 మంది కాగా 2021లో 18 మంది. తల్లిదండ్రులను భారతదేశం నుంచి రప్పించుకునే కుటుంబానికి కింది అంతస్తులో పడకగది, స్నానాలగది కావటం అవసరం. అందులో ఆడంబరమేమీ లేదు. కాబట్టి ఇంట్లో ఎంత చోటు ఉంది అన్న ప్రశ్ననూ, ఆ చోటును ఎలా పేర్చారు అన్న ప్రశ్ననూ వేరుచేసి చూడాలి. మొదటిది కుటుంబం తేల్చుకునే విషయం. రెండోది వీధి అంతా అనుభవించేది.

చట్టాలు మొదటిదాన్నే పట్టుకోగలిగాయి. టెక్సస్‌లోని ఆస్టిన్ నగరం 2006లో చేసిన నియమం ఇంటి వైశాల్యాన్ని స్థలంలో పదోవంతుల నాలుగుకో, 2,300 చదరపు అడుగులకో, ఏది ఎక్కువైతే దానికి పరిమితం చేసింది. హద్దు గోడల నుంచి వాలుగా లేచే ఊహాత్మకమైన ఒక గుడారంలో ఇల్లు ఇమిడితీరాలన్నది. లాస్ ఏంజలస్ 2008లో ఇటువంటిదే చేసి, లొసుగులు బయటపడ్డాక 2017లో బిగించింది. ఈ నియమాలు ఎండను కాపాడాయి, ఆకారాన్ని మార్చలేదు. అనుమతించిన గుడారం నిండేదాకా ఇల్లు అదే ముద్దగా పెరిగింది. 2023లో ఆస్టిన్ ఒక స్థలంలో మూడు నివాసాల వరకు అనుమతించింది. ఒక ముద్దను మూడు చిన్న ఇళ్ళుగా విడగొట్టే వీలు ఆ మార్పులో ఉంది. కట్టేవారు దానిని ఎలా వాడుకుంటారన్నది ముందుముందు తేలుతుంది.

తెలుగువారికి ఈ చరిత్రలో ఒక చిత్రమైన స్థానం ఉంది. శివారు ఇల్లు కొనేటప్పుడు తూర్పు వాకిలి కోసం నెలల తరబడి వేచి ఉండే కుటుంబాలు, దాని కోసం అదనపు ధర ఇచ్చే కుటుంబాలు ఎన్నో. నైరుతిన యజమాని పడకగది, ఈశాన్యాన పూజగది అడుగుతారు. కాని వాస్తుశాస్త్రం ఇంటికి నడిబొడ్డైన బ్రహ్మస్థానాన్ని బరువు లేకుండా, తెరపిగా ఉంచమంటుంది. లోతు పెరిగిన శివారు మేడలో సరిగా ఆ చోటే పగలు కూడా దీపం వేయవలసిన నడవా, మెట్లు, బట్టల అలమారా అవుతాయి. దిక్కులను వెంట తెచ్చుకున్నవారు మండువాను వెంట తెచ్చుకోలేదు. వెలుగు నడిమిలోకి దిగే ఇల్లు ఇక్కడి చలికి పనికిరాదనటానికీ వీల్లేదు. అద్దపు కప్పుల పరిజ్ఞానం ఈ దేశానికి కొత్త కాదు. అటువంటి ఇల్లు కావాలని కట్టేవారిని ఎవరూ అడగలేదు. వారి నమూనాల పుస్తకంలో అది ఇంకా చేరలేదు.